మా పద్దు పుస్తకం: కొండకొక కామ్, రోడ్డుకొక కామ్

ఈ మాసం మా పద్దు మోటారు సైకిలును గురించి. మోటారు అనగానే ఇంటి ఆడవారు పుట తిప్పివేయవద్దని మనవి. ఈ వ్యవహారంలో లెక్క సక్రమంగా కట్టినది ఒక కోడలుపిల్ల. పాత సామాను పారవేయకుండా దాచి, ఒకప్పుడు మా పరువు నిలిపినది మా ఇంటి ఇల్లాలు. మగవారి వంతు పనల్లా డబ్బు ఖర్చు పెట్టాలని ఉబలాటపడడమే.

సంగతి ఇది. మా మేనల్లుడు హోసూరులో ఒక కార్ఖానాలో పని చేస్తున్నాడు. భార్యతో అక్కడే కాపురం. శనివారం సాయంత్రం ఇద్దరూ బండి మీద ధర్మపురి వచ్చి, మా చెల్లెలిని చూచుకొని, సోమవారం తెల్లవారుజామున తిరిగి పోతారు. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్, 411 సి.సి. రకం. 2016లో బజారుకు వచ్చింది. 2023లో దాని స్థానంలో 450 వచ్చింది. దూర ప్రయాణాలకు, కొండ దారులకు తగినట్లుగా చేసిన బండి.

ఈసారి దీపావళి బోనసు చేతికి రాగానే, ఇంజనులోని కామ్‌షాఫ్ట్ తీయించి, హెచ్చు శక్తినిచ్చే 'పర్‌ఫార్మెన్స్ కామ్' వేయిస్తానన్నాడు. భార్యను వెనుక కూర్చోబెట్టుకొని, రెండు ప్రక్కలా పెట్టెలు తగిలించుకొని శ్రీశైలం పోయి రావాలని వాళ్లకు మొక్కు. ఆ లోపలే కామ్ మారాలని అతని పట్టు.

మా చెల్లెలు పొద్దున్నే మా ఇంటికి వచ్చి కూర్చున్నది. "అన్నా, వాడికి నేను చెప్తే ఎక్కదు. నువ్వు చెప్తే వింటాడు. ఉన్న బండి బాగానే పోతూంది గదా, దాన్ని విప్పడమెందుకు?" అన్నది.

మేము వాడిని పిలిచి పెద్దమనిషి తరహాగా గొంతు సవరించుకొన్నాము. నాలుగు మాటలు చెప్పామో లేదో, "మామా, మీ బుల్లెట్‌కు మీరు కామ్ మారిస్తిరి గదా. మీకైతే సరి, నాకైతే తప్పా?" అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. లోపలి గదిలో మా ఇంటి ఆమె గాజుల చప్పుడు ఆగిపోయింది. ఎందుకంటే మేము కామ్ మార్చిన సంగతి ఊరందరికీ తెలుసు. మార్చిన తరువాత ఏమి జరిగిందో మా ఇద్దరికే తెలుసు. చెల్లెలికి కూడా చెప్పలేదు. ఆనాడు ఆమె ముందు ఆ కథ విప్పక తప్పలేదు. ఆమెకు చెప్పిన పిమ్మట పాఠకులకు దాచడమెందుకు?

మన వైపు తెలుగు ఇండ్లలో బుల్లెట్‌ది కేవలం బండి స్థానం కాదు. 1955లో మద్రాసు మోటార్స్ వారు ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపించారు. తిరువొత్తియూరులో తయారైన ఆ బండ్లు పోలీసులకు, సైన్యానికి పోగా మిగిలినవి మోతుబరి ఇండ్లకు చేరినవి. రెడ్డిచ్ వారి కంపెనీ 1970 నాటికి మూతపడినా, మద్రాసులో బుల్లెట్ ఆగలేదు. మా నాన్నగారు 1988లో కొన్న బుల్లెట్ 350 ఆ వరుసలోనిదే. 346 సి.సి., పిస్టన్ అడ్డు కొలత 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90 మిల్లీమీటర్లు, శక్తి 18 గుర్రాలు. నిదానంగా పోతే ఎంత కొండయినా ఎక్కుతుంది. తొందరపెడితే దానికి కోపం.

2011లో మాకు ఆ నిదానం మీద విసుగు పుట్టింది. ఒక మెకానిక్కు, పేరెందుకు గాని, మంచి చేతివాటం ఉన్నవాడే, "సార్, పందెపు కామ్ వేస్తే బండి ఎగిరిపోతుంది" అన్నాడు. ఆ ఇంజనులో లోపలి వాల్వుకొకటి, బయటి వాల్వుకొకటి, రెండు కామ్‌లు కుడివైపు మూత క్రిందనే ఉంటవి. మధ్యాహ్నానికల్లా పని పూర్తి అయింది. ఆయన చెప్పినట్లే కృష్ణగిరి రోడ్డు మీద బండి ఎగిరినంత పని చేసింది. మేము ఆఫీసులో నాలుగు రోజులు అదే మాట చెప్పుకొన్నాము.

అయిదవ రోజున సేలంలో పెండ్లి. మా ఇంటి ఆమె వెనుక, నాలుగేండ్ల బిడ్డ మధ్యన. పోయేటప్పుడు తొప్పూరు కనుమ దిగుడు గనుక ఏమీ తెలియలేదు. రాత్రి తిరుగు ప్రయాణంలో అదే కనుమ ఎక్కుడు. ముందు రెండు లారీలు ప్రక్క ప్రక్కనే నత్తనడక నడుస్తున్నవి. వెనుక మరి రెండు లారీల దీపాలు. ఇరవై మైళ్ల వేగం కాదు, ఇరవై కిలోమీటర్ల వేగంతో రెండవ గేరులో పోవలసి వచ్చింది. మునుపటి బుల్లెట్ అయితే ఆ వేగంలో డుగ్ డుగ్ మంటూ పాట పాడుకొంటూ ఎక్కేది. ఆ రాత్రి కుదుపుతో తన్నడం మొదలుపెట్టింది. ఏక్సిలరేటరు ఇస్తే దగ్గింది, తగ్గిస్తే ఆగిపోబోయింది. ఇంజను చావకుండా సగం క్లచ్చు పట్టుకొనే ఎక్కించాము. కాలిన వాసన వచ్చింది. తరువాత ఇంజను అరుస్తూనే ఉన్నది, చక్రం మాత్రం కదలలేదు. క్లచ్చు ప్లేట్లు పోయినవి.

రోడ్డు అంచున బండిని ఆపి నిలబడ్డాము. లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి బిడ్డ గౌను ఎగిరింది. టీ కొట్టు మనిషి ఒకాయన టార్చిలైటుతో వచ్చి, "కుళందైయ మొదల్ల బస్సుల ఏత్తుంగ, సార్" అన్నాడు. ముందు బిడ్డను బస్సు ఎక్కించమని. బస్సును చేయెత్తి ఆపినదీ ఆయనే. తల్లీబిడ్డలను పంపి, బండి పక్కన తెల్లవారేదాకా కూర్చున్నాము. 'ఎగిరే బండి' అని చెప్పుకొన్న నాలుగు రోజుల గొప్ప ఆ రాత్రి లెక్కలో చెల్లిపోయింది.

మరునాడు మెకానిక్కు దగ్గరకు పోయి పాత కామ్‌లు అడిగితే, "అవి మీకే ఇచ్చానే సార్" అన్నాడు. మేము ఎక్కడ పెట్టామో జ్ఞాపకం లేదు. ఇంటికి వస్తే మా ఆమె ఏమీ అనకుండా అటక మీది నుంచి ఒక పొట్లం తీసి ఇచ్చింది. నూనె గుడ్డలో చుట్టి, పైన పాత పత్రికా కాగితం చుట్టి, దారం కట్టి ఉన్నది. ఈనాటికీ ఆ బండిలో ఆ పాత కామ్‌లే ఉన్నవి.

కథ విని చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. "అప్పటికి బిడ్డకు నాలుగేండ్లు గదా అన్నా" అని మాత్రం అన్నది. మేనల్లుడు తల వంచుకొని, "అది పాత బండి మామా, నాది అట్లాంటిది కాదు. అసలు అట్లా ఎందుకయిందో తెలిసిందా మీకు?" అన్నాడు. మంచి ప్రశ్న. పెద్దవారు భయపడినంత మాత్రాన పిన్నలు మానుకోవాలంటే అది న్యాయం కాదు. కారణం చెప్పగలగాలి. కనుక ఆ కారణం పాఠకులకు కూడా మనవి చేస్తాము.

ఇంజనుకు లోపలికొక వాకిలి, బయటికొక వాకిలి. గాలి, పెట్రోలు కలిసి లోపలికి పోవాలి, మండాలి, పొగ బయటికి పోవాలి. ఆ వాకిళ్ల తలుపులే వాల్వులు. తలుపు తీసే కాపలాదారు కామ్‌షాఫ్ట్. అది ఒక ఇనుప కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటవి. కడ్డీ తిరిగేటప్పుడు ఉబ్బు వచ్చి వాల్వును నెట్టి తెరుస్తుంది. ఉబ్బు దాటగానే స్ప్రింగు మూసివేస్తుంది. ఇంజను రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క వాల్వు సెకనుకు 50 మార్లు తెరుచుకొని మూసుకొంటుంది. మా ఆఫీసు తలుపు నెలకు అన్ని మార్లు తీసినా బందులు ఊడివస్తవి!

కామ్ గుణమంతా ఆ ఉబ్బు ఆకారంలో ఉన్నది. తలుపు ఎంత ఎత్తు తెరుస్తుంది, ఎంతసేపు తెరిచి ఉంచుతుంది, రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉండే సమయమెంత, ఈ మూడే ప్రశ్నలు. పందెపు కామ్ మూడింటినీ పెంచుతుంది. హెచ్చుసేపు తెరిచి ఉంచితే హెచ్చు గాలి వస్తుంది గదా, నష్టమేమిటి అని అడగవచ్చు. అక్కడే ఉన్నది కీలకం.

పిస్టన్ క్రిందికి దిగి గాలిని పీల్చే పని ఇంజను చుట్టులో 180 డిగ్రీలు. అయితే లోపలి వాల్వు అంతకంటె ముందే తెరుచుకొని, పిస్టన్ మళ్లీ పైకి బయలుదేరిన పిమ్మట కూడ కొంతసేపు తెరిచే ఉంటుంది. మామూలు బండిలోనే ఇది 240, 260 డిగ్రీల దాకా ఉండవచ్చు. కారణం, గాలికి కూడ బరువున్నది, ఊపున్నది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు ఊపుమీద వస్తున్న గాలి, పిస్టన్ ఎదురు వస్తున్నా ఆగక లోపలికి తోసుకొనే వస్తుంది. అప్పుడు తలుపు హెచ్చుసేపు తెరిచి ఉంచడం లాభం. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు గాలికి ఆ ఊపు ఉండదు. పైకి వచ్చే పిస్టన్ లోపలికి వచ్చినదానిని వచ్చిన దారినే వెనుకకు నెట్టివేస్తుంది. తిన్నది కక్కుకొన్నట్లే. తొప్పూరు కనుమలో మా బుల్లెట్ పడిన బాధ అదే.

రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉండే సంగతి కూడ అట్లాగే. ధర్మపురి బస్ స్టాండులో టౌను బస్సు ఆగినప్పుడు చూడండి. వెనుక వాకిట జనం ఎక్కుతూంటే, ముందు వాకిట దిగుతున్నారనుకొందాము. దిగేవారు చురుకుగా దిగితే ఎక్కేవారికి దారి దొరికి బస్సు త్వరగా నిండుతుంది. దిగేవారు నిదానిస్తే తోపులాట. ఎక్కినవారిలో కొందరు వెనక్కు దిగవలసినదే. వేగంలో పొగ బయటికి పోయే ఊపు కొత్త గాలిని లాగుతుంది. నిదానంలో పొగా, కొత్త గాలీ కలగాపులగమై ఇంజను తడబడుతుంది.

కనుక ఏ కామ్ అయినా ఒకచోట ఇచ్చి మరొకచోట పుచ్చుకొంటుంది. జమా లేని ఖర్చు, ఖర్చు లేని జమా మా పద్దులోనూ లేవు, ఇంజనులోనూ లేవు.

మేనల్లుడు తన ఫోనులో ఒక ప్రకటన చూపాడు. నాలుగు గుర్రాల శక్తి పెరుగుతుందని దానిలో ఉన్నది. ఏ వేగం దగ్గర పెరుగుతుందో మాత్రం చిన్న అక్షరాలలో కూడ లేదు. మేము కాగితం తీసుకొని లెక్క కట్టాము. హిమాలయన్ 411 గరిష్ఠ శక్తి 6500 చుట్ల వద్ద 24.3 గుర్రాలు. దాని గరిష్ఠ లాగుడు, అనగా టార్కు, 4000కు పైన 4500 లోపల 32 న్యూటన్ మీటర్లు. టార్కును చుట్లతో గుణించి, వచ్చిన దానిని 7120తో భాగిస్తే గుర్రాలు వస్తవి. 4000 చుట్ల వద్ద 32 ఉంటే దాదాపు 18 గుర్రాలు. అదే లెక్క వెనుక నుంచి చేస్తే 6500 చుట్ల వద్ద లాగుడు 26 చిల్లరకు దిగుతుంది. గుర్రాలు పెరిగినవి, లాగుడు తగ్గింది. చుట్లు ఎక్కువైనందువల్ల గుర్రాల సంఖ్య పెద్దది కనిపిస్తున్నదన్నమాట. ప్రకటనలో చెప్పేది ఆ కొన సంఖ్య. కొండ ఎక్కేది మధ్యనున్న లాగుడు.

"అయితే నా బండి ఎక్కువ భాగం ఎక్కడ తిరుగుతూందో మనకు తెలియాలి గదా మామా" అన్నాడు వాడే. అదే మేము వినదలచిన మాట. ఆ లెక్క ఎవరు రాస్తారు? నడిపేవాడు రాయలేడు. అప్పుడు వాడి భార్య, "ముల్లు నాకు వెనుక నుంచి కనిపిస్తుంది. మూడు నిమిషాలకొకసారి చూచి ఫోనులో చెప్పి పెడతాను" అన్నది. ఆ బండికి ఇంజను చుట్లు చూపే ముల్లు ఉండడం మంచిదయింది.

మరుసటి శనివారం హోసూరు నుంచి ధర్మపురికి, సుమారు 90 కిలోమీటర్లు, ఒక పుట. ఆదివారం ధర్మపురి నుంచి తొప్పూరు దిగి, సేలం మీదుగా ఏర్కాడు కొండ ఇరవై కొండిమలుపులూ ఎక్కి, తిరిగి రావడం మరొక పుట. ఆదివారం రాత్రి ఆ పిల్ల ఫోను పెట్టి వినిపిస్తూంటే మేము గళ్లు గీసి గీతలు పెట్టాము. హోసూరు రోడ్డు మీద 40 గీతలు: 3000 చుట్ల లోపల 4, 3000 నుంచి 4500 దాకా 22, 4500 నుంచి 5500 దాకా 11, ఆ పైన 3. ఏర్కాడు పుటలో 100 గీతలు: 3000 లోపల 31, 4500 దాకా 52, 5500 దాకా 15, ఆ పైన 2. రెండు పుటలూ కలిపితే 140 గీతలలో 109 గీతలు 4500 లోపలనే. 5500 దాటినవి అయిదంటే అయిదు.

మేనల్లుడు హోసూరు పుట మీద వేలు పెట్టి, "నలభైలో పదునాలుగు 4500 పైన ఉన్నవి చూడండి. నాకు విసుగు పుట్టేది అక్కడే" అన్నాడు. ఒప్పుకోవలసిన మాట. విశాలమైన రోడ్డు మీద బస్సును దాటబోయినప్పుడు బండి అందుకోకపోతే అదీ అపాయమే. వాడి కోరిక వట్టి వేడుక కాదు. అయితే శ్రీశైలం దారి ఏ పుటకు దగ్గర? కృష్ణగిరి, కుప్పం, పలమనేరు, మదనపల్లె, రాయచోటి. అక్కడి నుంచి గువ్వలచెరువు కనుమ దిగి కడప. ఆపైన మైదుకూరు, నంద్యాల, ఆత్మకూరు, దోర్నాల. చివర నల్లమల కొండదారి. ఇద్దరు మనుషులు, రెండు పెట్టెలు. వాడు కాస్సేపు చూచి, "ఏర్కాడు పుటే" అన్నాడు.

ఇంత రాసినామని కామ్ మార్చడమే తప్పని మేము చెప్పడం లేదు. పాత కామ్ ఉబ్బు అరిగితే మార్చక తప్పదు. ఒంటరిగా, విశాలమైన రోడ్ల మీదనే తిరిగేవారికి పై వేగానికి తగిన కామ్ న్యాయమే. దూర ప్రయాణపు బండికని, తలుపు ఎత్తు కొంచెం పెంచి, తెరిచి ఉంచే సమయం ఎక్కువ పెంచని మెత్తని కామ్‌లు కూడ చేస్తారు. అవి మధ్య వేగంలో లాభమిచ్చి, నిదానంలో తక్కువే పుచ్చుకొంటవి. ఇంటిల్లిపాదీ తిరిగే బండికి కామ్ ఎంచుకోవలసి వస్తే ఈ జాతిలో వెదకాలి, పందెపు జాతిలో కాదు. ఎంచుకొనేవారు దుకాణదారును ఈ ప్రశ్నలు అడిగి, జవాబు కాగితం మీద పుచ్చుకోవాలని మా సలహా.

మొదటిది, ఈ కామ్ ఎన్ని చుట్ల నుంచి ఎన్ని చుట్ల దాకా పని చేస్తుంది? గుర్రాల సంఖ్య చెప్పి దీనికి జవాబు చెప్పకపోతే లేచి రావచ్చు. రెండవది, 3000 చుట్ల వద్ద ఏమి పోతుంది? 'ఏమీ పోదు' అనేవాడి మాట నమ్మరాదు. పాత కామ్‌తో, కొత్త కామ్‌తో ఒకే యంత్రం మీద పరీక్షించిన రెండు గీతలు చూపమనాలి. మూడవది, పాత స్ప్రింగులు చాలునా? వాల్వు హెచ్చు ఎత్తు తెరుచుకొంటే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి బిగిసిపోవచ్చు. వాల్వు పోయి పిస్టన్‌కు తగలవచ్చు. తగిలితే ఇంజను ఖర్చు కామ్ ఖర్చును మించిపోతుంది. మంచి పనివారు పిస్టన్ తల మీద మెత్తని మట్టిముద్ద పెట్టి, చేతితో ఇంజను తిప్పి, ముద్ద ఎంత అణిగిందో కొలిచి సందు చూస్తారు. బిగించిన పిమ్మట గుర్తులు కలిసినవో లేదో చూచి, స్టార్టరు నొక్కక ముందు చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడయినా అడ్డు తగిలితే అక్కడే ఆగాలి.

నాలుగవది, పెట్రోలు లెక్క ఎవరు సరిచేస్తారు? కార్బురేటరు బండికి జెట్లు మార్చాలి. ఇప్పటి బండ్లలో పెట్రోలు కొలిచి పోసే చిన్న కంప్యూటరు పాత కామ్ లెక్కకు అలవాటు పడి ఉంటుంది. గాలి కొలత మారితే దాని లెక్క కూడ మార్చాలి. లేకపోతే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కడమో, ఎక్కువై పొగ రావడమో జరుగుతుంది. ఆ ఖర్చు కలుపుకొంటే గాని కామ్ అసలు ధర తెలియదు.

అయిదవది సర్కారు సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ వారి అసలు వివరాలకు భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదు. ఈ విషయంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ గట్టిగానే తీర్పు చెప్పింది. ఆర్.టి.ఓ. ఆఫీసులోను, ఇన్సూరెన్సు వారి వద్దను ముందే అడిగి, జవాబు లిఖితంగా పుచ్చుకోవడం మేలు. కంపెనీ వారంటీ మిగిలి ఉంటే దానికీ ముప్పు. పొగ పరీక్ష సరే సరి.

కోయంబత్తూరు జి. డి. నాయుడుగారిని (1893–1974) ఎరుగని తెలుగు ఇల్లు మన వైపు ఉండదు. 1937లో మన దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారీలో పేరు పొందిన మనిషి. కుర్రతనంలో ఒక దొర మోటారు సైకిలు చూచి మోజుపడి, హోటలులో పని చేసి కూడబెట్టిన డబ్బుతో ఆ బండినే కొన్నారు. కొని ఏమి చేశారు? విప్పి, ఏ భాగం ఏమి చేస్తుందో చూచి, మళ్లీ బిగించారు. ముందు ఉన్నది తెలుసుకొన్నారు, మార్చడం తరువాత. మేము 2011లో ఆ వరుస తప్పాము.

మేనల్లుడు ఆ వరుస పట్టుకొన్నాడు. కామ్ కొనక ముందు ఉన్న ఇంజను ఆరోగ్యం చూడమని ఒక నిదానస్తుడైన మెకానిక్కుకు అప్పగించాడు. గాలి వడబోసే ఫిల్టరు దుమ్ముతో నిండి ఉన్నది. వాల్వు సందు కంపెనీ పుస్తకంలోని కొలతకు తప్పి ఉన్నది. వెనుక చక్రపు గొలుసు వదులై వేలాడుతున్నది. మూడూ సరిచేసిన తరువాత హోసూరు రోడ్డు మీద తన ఫిర్యాదులో సగం పోయిందని వాడే ఒప్పుకొన్నాడు. కొండ మీద ఇంకా లాగుడు కావాలంటే ముందు పళ్లచక్రం 15 పళ్లది తీసి 14 పళ్లది వేయవచ్చునని మెకానిక్కు చెప్పాడు. కామ్‌తో పోలిస్తే దాని ఖర్చు స్వల్పం. నచ్చకపోతే మళ్లీ పాతదే వేసుకోవచ్చు. కాని దానిలోనూ జమాఖర్చులున్నవి. లాగుడు నూటికి ఏడు పాళ్లు పెరుగుతుంది. అదే వేగానికి ఇంజను కూడ నూటికి ఏడు పాళ్లు ఎక్కువ తిరుగుతుంది, అనగా హోసూరు రోడ్డు మీద రొద పెరుగుతుంది. వాడు ఆలోచించి అదీ వద్దన్నాడు.

కంపెనీ వారి కామ్‌తోనే శ్రీశైలం పోయి వచ్చారు. బోనసులో కొంత పెట్టి భార్యకు మంచి హెల్మెట్టు, బండికి కొత్త టైర్లు కొన్నాడు. దోర్నాల నుంచి కొండ ఎక్కేటప్పుడు ముందు ఆర్టీసీ బస్సు మెల్లగా పోతున్నదట. దాని వెనుక రెండవ గేరులో చాలాసేపు పోవలసి వచ్చిందట. "బండి దగ్గనైనా దగ్గలేదు మామా" అని ఫోనులో చెప్పాడు. ఆ మాట వినగానే మాకు తొప్పూరు కనుమ, టార్చిలైటు, ఎగిరే గౌను కంటికి కట్టినవి. ఆ కనుమ దారిన పోయినప్పుడల్లా ఆ టీ కొట్టు వద్ద ఆగి ఒక టీ త్రాగి రావడం మా ఆచారం.

వాడు కామ్ మాట పూర్తిగా మరచిపోలేదు. పోయిన వారం వచ్చినప్పుడు, ఒక మెత్తని కామ్ తాలూకు రెండు గీతలున్న కాగితం తెచ్చి మా ముందు పెట్టాడు. 3000 చుట్ల వద్ద కొంచెమే పోతున్నది. 5000 వద్ద కాస్త వస్తున్నది. మేము ఇంకా ఔనని గాని కాదని గాని అనలేదు. మా చెల్లెలు ఆ కాగితం చూచి, "ఈ గీత పోయేది కొండ మీదా, రోడ్డు మీదా?" అని అడిగింది. ఇంతకంటె సరియైన ప్రశ్న ఏ మెకానిక్కూ అడగబోడు. మేనల్లుడు నవ్వి, ఆమె పక్కన కూర్చొని, వేలు పెట్టి చూపడం మొదలుపెట్టాడు.

మా ఇంటి ఆమె మాత్రం వంటింటి నుంచి ఒక్క మాటే అన్నది: "మారిస్తే మార్చుకో నాయనా. పాతది మాత్రం నాకు తెచ్చి ఇవ్వు. అటక మీద చోటున్నది."

పాఠకులలో బండి కలవారు ఒక ఆదివారం ఇట్లాంటి పద్దు రాసి చూడవలెనని మనవి. వచ్చే మాసం వేరొక పద్దుతో కలుసుకొందాము. అంతవరకు సెలవు.